పెద్దవాళ్ళతో తీరిగ్గా రెండు ప్రయాణాలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం చేసే పని ఒకటే. కార్లో కటూంబా తీసుకెళ్ళి, త్రీ సిస్టర్స్ ముందు ఫోటో తీసి, చీకటి పడేలోగా హారిస్ పార్క్ చేర్చడం. పాపం, వాళ్ళు ఎక్కువసేపు చూసింది కారు వెనక సీటే!

ఈసారి పక్క స్టేషను పారమట్టాలో బ్లూ మౌంటెన్స్ రైలెక్కించండి. పిల్లలూ, తాతగారి పక్కన కూర్చుని చూడండి. లూరా, కటూంబా, బ్లాక్‌హీత్ అన్నీ ఒకే కొండగట్టు మీద వరసగా వస్తాయి. అంతకుముందు లోయల వెంట వెళ్ళిన తెల్లవాళ్ళకు నిటారు రాతిగోడలు అడ్డొచ్చాయి. 1813లో బ్లాక్స్‌లాండ్, లాసన్, వెంట్‌వర్త్ గట్టు పట్టుకుని నడిచారు. (దరుగ్, గుండుంగురా ప్రజలకు ఈ కొండల దారులు ఎప్పటినుంచో తెలుసు. ఆ మాట కూడా పిల్లలకు చెప్పాలి.) 1815 కల్లా విలియం కాక్స్ ఖైదీలతో బాతర్స్ట్ దాకా బాట వేయించాడు. 1868లో మౌంట్ విక్టోరియా చేరిన రైలూ ఆ గట్టునే పట్టుకుంది. ఊళ్ళు ఆ బాట, రైలు వెంటే పెరిగాయి. లూరాలో దిగి టీ తాగండి. అక్టోబరు మొదట్లో అయితే వీధి నడుమ చెర్రీ చెట్లు పూసి ఉంటాయి.

మరో వారం పారమట్టా నుంచి పడవలో సిడ్నీ వెళ్ళండి. మొదట మడచెట్ల మధ్య మెల్లగా పోతుంది, చివరికి 1932 నాటి హార్బర్ బ్రిడ్జి కిందుగా నగరంలోకి చేరుస్తుంది. బయల్దేరేముందు పడవల వేళలు చూసుకోండి. ఆటుపోట్లలో నీరు బాగా తీస్తే పారమట్టా రేవుకు పడవ రాదు, బస్సెక్కించి మరో రేవుకు పంపిస్తారు.