18 ఏళ్లు నిండాక…

దివ్యాంగులైన పిల్లలకు వీల్‌చైర్, వినికిడి యంత్రం ఇప్పించడంలో మన దాతలు ఎప్పుడూ ముందుంటారు. అసలు చిక్కు 18 ఏళ్లు నిండాక మొదలవుతుంది. పిల్లల డాక్టరు పెద్దల విభాగానికి వెళ్లమంటారు. మందుల పేర్లు, పాత రిపోర్టులు అమ్మకు తప్ప ఎవరికీ తెలియవు. చదువు ఆగిపోతే ఇక ఇల్లే లోకం.

అందుకే పదో తరగతి నుంచే మూడు పనులు మొదలుపెట్టమని తల్లిదండ్రులకు చెబుతున్నాం.

మొదటిది ఆరోగ్యం. జబ్బు, మందులు, మోతాదు, పడని మందులు ఒక కాగితంపై రాసుకుని, డాక్టరుతో బిడ్డే మాట్లాడటం అలవాటు చేయాలి.

రెండోది సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్ కూడా వాటిలో ఉన్నాయి. వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయిస్తారు. చూపు, వినికిడి, కదలిక వంటి వైకల్యాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉంది.

మూడోది ఉపాధి. బిడ్డ ఏం చేయలేడన్నది కాదు, ఏం చేయగలడన్నది చూడాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూపు లేనివారు. దైవప్రవక్త (స) ఆయనకు అజాన్ బాధ్యత అప్పగించారు.

హక్కులు చట్టం ఇచ్చింది. వాటిని అందుకోవడానికి ఆటో ఖర్చు, తల్లి పోగొట్టుకునే రోజు కూలి, కంప్యూటర్ శిక్షణ ఫీజు కావాలి. అర్హులైన కుటుంబాలకు మీ జకాత్, మిగిలినవారికి మీ సదఖా ఈ ఖర్చులకే చేరాలని మా మనవి. ఇన్షా అల్లాహ్, ఈరోజు తీసుకునే చేయి రేపు ఇచ్చే చేయి అవుతుంది.