ఫిష్ ఫైండర్ కొన్నారు సరే, చెవి ఎక్కడ పెట్టాలి?

అలిపిరి దగ్గర నిలబడి చూసేవారికి తిరుపతి కొండల ఊరే. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు పాత నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వాటితోపాటు సముద్రమూ వచ్చింది. తిరుపతి పక్కగా పారే స్వర్ణముఖి చివరికి చేరేదీ ఆ బంగాళాఖాతానికే. ఆ తీరంలో వేటకు వెళ్లే ఫైబర్ బోటు మీద చిన్న తెర ఉన్న ఫిష్ ఫైండర్ పెట్టుకోవాలంటే బేరమంతా తెర చుట్టూనే తిరుగుతుంది. అది ఎన్ని అంగుళాలు, రంగులు ఎలా ఉన్నాయి, ఎంత లోతు చూపిస్తుంది అని అడుగుతారు. దాంతోపాటు వచ్చే అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌డ్యూసర్‌ను మాత్రం చివర్లో ఎక్కడ వీలైతే అక్కడ బిగించేస్తారు. అసలు వినేది ఆ ముక్కే. అది వినలేనిదాన్ని ఏ తెరా చూపలేదు. అందుకే తెర ఎంపిక కన్నా ట్రాన్స్‌డ్యూసర్ బిగించే చోటు ఎంపికే పెద్ద నిర్ణయం. పైగా ఆ చోటును కంపెనీ ఇచ్చిన పుస్తకం ఒక్కటే తేల్చలేదు. మన పడవ ఎలాంటిది, అది ఒడ్డుకు ఎలా చేరుతుంది అన్నదే తేల్చాలి.

ముందు అది చేసే పని చూద్దాం. ట్రాన్స్‌డ్యూసర్ కిందికి ఒక ధ్వని తరంగాన్ని పంపి, అది అడుగుకు తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని కొలుస్తుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 30 మీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని రావడానికి సెకనులో 25వ వంతు చాలు. చేప కనిపించే తీరు ఇంకా చిత్రం. చేప ఒంట్లో ఎక్కువ భాగం నీరే కనుక ధ్వని దాని కండలోంచి దాదాపు అడ్డులేకుండా పోతుంది. గట్టిగా వెనక్కి కొట్టేది దాని కడుపులోని గాలితిత్తి. కవళ్ల మంద తెర మీద మబ్బులా కనిపించేది, గాలితిత్తే లేని సొరచేప అంత పెద్దదైనా పలచగా కనిపించేది ఇందుకే. అంటే ఈ పరికరం నీటిలో వెతికేది గాలిని. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పడవ కదిలితే ముందు కొస నీటిని చీల్చి గాలిని లోపలికి తొక్కుతుంది, ప్రొపెల్లర్ నురగ చిమ్ముతుంది, అడుగున పొడుచుకొచ్చిన ప్రతి బద్దె, ప్రతి మేకుతల వెనక బుడగల చార సాగుతుంది. నీటికీ గాలికీ మధ్య ఉన్న హద్దు దాటి ధ్వని దాదాపుగా పోలేదు, వెనక్కి తిరుగుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద పలచటి బుడగల పొర పరుచుకున్నా కింద ఎంత పెద్ద మంద ఉన్నా తెలియదు. చేపను పట్టించే గాలే పరికరాన్ని గుడ్డిదాన్ని చేస్తుంది.

కాబట్టి వెతకాల్సింది పడవ పరుగులో ఉన్నప్పుడు కూడా నురగ లేని నీరు ఎడతెగకుండా పారే చోటు. కంపెనీల పుస్తకాలు చిన్న పడవలకు సాధారణంగా వెనక పలకను చూపిస్తాయి. అందులో తర్కం లేకపోలేదు. ఎక్కువ ప్రొపెల్లర్లు వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. అప్పుడు కుడివైపు రెక్క కిందికి దిగుతుంది, ఎడమవైపు రెక్క పైకి లేస్తూ కలత నీటిని పైకి తెస్తుంది. అందుకని కుడివైపు, మోటారుకు కనీసం మూర దూరంలో, ముఖం పడవ అడుగు కన్నా కాస్త కిందికి ఉండేలా బిగించమంటారు. ఆ చోటుకు నేరుగా ముందు బద్దె గానీ నీళ్లు లాక్కునే రంధ్రం గానీ ఉండకూడదు. ఇవన్నీ సరైన మాటలే. అయితే ఆ పుస్తకం రాసినవారి మనసులో ఉన్నది ట్రెయిలర్ మీద వచ్చి నీటిలోకి జారి, సాయంత్రం మళ్లీ ట్రెయిలరెక్కే సరదా పడవ. మన దక్షిణ తీరంలో చాలా ఊళ్లలో చిన్న పడవకు జెట్టీ ఉండదు. అలల మీద దూకుతూ వచ్చి ఇసుకలోకి ఎక్కాలి, తర్వాత మనుషులో ట్రాక్టరో పైకి లాగాలి. అడుగు కన్నా వేలెడు కిందికి వేలాడే ప్లాస్టిక్ ముక్క అలాంటి చోట ఎన్నాళ్లుంటుంది? తగిలితే పైకి మడిచే బ్రాకెట్లు ఉన్నాయనేవారికి జవాబు, ఆ కీలు ఇసుకలో బిగుసుకుంటుంది, వదులైతే కోణం మారుతుంది. కోణం చిన్న విషయం కాదు. ట్రాన్స్‌డ్యూసర్ 10 డిగ్రీలు వాలితే 30 మీటర్ల లోతులో అది చూసే చోటు 5 మీటర్లకు పైగా పక్కకు జరిగిపోతుంది. అడుగును అంటిపెట్టుకుని తిరిగే చేప ఆ ఏటవాలు ప్రతిధ్వనిలో నేలతో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

అందుకే ఇసుకకెక్కే ఫైబర్ బోటుకు నా ఓటు లోపలి బిగింపుకే. ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ లోపల, అడుగు పలకకే ఎపాక్సీతో అతికిస్తారు. ధ్వని ఫైబర్‌లోంచే నీటిలోకి దిగుతుంది, పడవకు రంధ్రం పడదు, బయట తగలడానికి ఏమీ ఉండదు. దీనికి చెప్పే అభ్యంతరం బలమైనదే. ఫైబర్ కొంత శక్తిని మింగేస్తుంది, అదీ పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నిజమే. కానీ వందల మీటర్లు చూడగల పరికరాన్ని పదుల మీటర్ల లోతులో వాడేవారు ఆ నష్టాన్ని భరించగలరు. విరిగిన ట్రాన్స్‌డ్యూసర్ నష్టాన్ని భరించలేరు. నీటి వేడిమి సరిగ్గా తెలియదన్నది రెండో లోటు, అది ఒప్పుకోవాల్సిందే. అసలు ప్రమాదం వేరే ఉంది. పడవ తేలడానికి ఫైబర్ పొరల మధ్యా, అరల్లోనూ థర్మోకోల్ లాంటి నురగ పదార్థం నింపుతారు. అందులో ఉన్నది గాలే కనుక ధ్వని అక్కడే ఆగిపోతుంది. ఒక్క పొరగా గట్టిగా ఉన్న ఫైబర్ దొరికే చోటే పనికొస్తుంది. చెక్క, ఇనుము పడవలకైతే ఈ పద్ధతి వద్దు.

ఆ చోటును ఊహించి అతికించనక్కర్లేదు, పరీక్షించి చూడొచ్చు. ముందు ట్రాన్స్‌డ్యూసర్‌ను పక్క నుంచి నేరుగా నీటిలోకి దించి లోతు, తెర మీద కనిపించే సముద్రపు అడుగు గీత మందం గుర్తుపెట్టుకోవాలి. తర్వాత దాన్ని నీళ్లు నింపిన పాలిథిన్ సంచిలో పెట్టి, తడి చేసిన లోపలి అడుగుకు నొక్కి, వెనక భాగంలో నడిమి వెన్నుకు దగ్గరగా రెండు మూడు చోట్ల చూడాలి. ఎక్కడి గీత ఆ మొదటి గీతకు దగ్గరగా వస్తుందో అది చోటు. అడుగు మరీ వాలుగా ఉంటే లావాటి పైపు ముక్కను వాలుకు తగ్గట్టు కోసి అతికించి, అందులో నూనె పోసి ట్రాన్స్‌డ్యూసర్‌ను నిట్టనిలువుగా ముంచే పద్ధతి ఉంది. ఆ నూనె మన ఆముదమే కావచ్చు. అందులో ధ్వని వేగం నీటిలో వేగానికి దగ్గరగా ఉంటుంది, నౌకాదళాల సోనార్ పరికరాల్లోనూ ఆముదం నింపే ఆనవాయితీ ఉంది. ఎపాక్సీ పోసేటప్పుడు అందులో బుడగ చిక్కుకుంటే మాత్రం చేసిన శ్రమంతా వృథా.

ఎక్కువ పవరున్న సెట్టు కొంటే చోటుతో పనేముంది అనేవారున్నారు. పవరు పెంచితే నీటిలోకి వెళ్లే ధ్వని పెరుగుతుంది నిజమే, కానీ బుడగల నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. తెర మీద గెయిన్, అంటే ప్రతిధ్వనిని పెద్దది చేసి చూపే అమరిక, పెంచినా అంతే, చేపతోపాటు చుక్కల వాన కూడా చిక్కబడుతుంది. ఇక నీటి రంగు, పిట్టల గుంపు చూసి మందను పసిగట్టే పెద్దలకు ఈ డబ్బా దేనికన్న మాటకు విలువ ఉంది. ఫిష్ ఫైండర్ పడవ కింది కొద్ది చోటునే చూస్తుంది. 20 డిగ్రీల కిరణం 30 మీటర్ల లోతులో పదిన్నర మీటర్ల వెడల్పు వలయం మాత్రమే. ఏ దిక్కుకు పోవాలో అది చెప్పదు. ఆ పని అనుభవానిది, లేదా ఉపగ్రహాలు చూసిన నీటి వేడిమి, పచ్చదనం ఆధారంగా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే వేట సూచనలది. అక్కడికి చేరాక వల ఏ లోతులో వేయాలో చెప్పడం దీని వంతు. పులికాట్ సరస్సులో ఆ వంతూ లేదు. మీటరు లోతు నీటిలో ఆ కిరణం మూరెడు వెడల్పు కూడా పాకదు, అక్కడ గెడకర్రే మేలు.

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో కట్టేసి ఉండే మరబోట్ల సంగతి వేరు. అవి ఇసుకకెక్కవు, లోతు నీటికి పోతాయి. వాటికి అడుగున రంధ్రం చేసి బిగించే ట్రాన్స్‌డ్యూసరే తగినది. ముందు కొస తొక్కే నురగ దాటాక, ప్రొపెల్లర్‌కు బాగా ముందు, పడవ నడుమ ప్రాంతంలో వెన్నుకు పక్కగా, వాలును సరిచేసే చెక్క దిమ్మతో బిగించాలి. పడవను ఒడ్డుకెక్కించాల్సిన పని కనుక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధమే దీనికి అదను. చిన్న బోటుకైనా అదే అదను. నిషేధం ముగిసి మొదటిసారి నీటిలోకి దిగినప్పుడు వల వేయకముందే లోతు తెలిసిన చోట వేగాన్ని మెల్లగా పెంచుతూ తెర చూడాలి. ఏ వేగం దగ్గర అడుగు గీత తెగుతుందో ఆ వేగమే ఆ చోటుకు హద్దు. నడక వేగంలోనే తెగితే ఎపాక్సీ పగలగొట్టి ట్రాన్స్‌డ్యూసర్‌ను ఇంకో చోటికి మార్చాల్సిందే.