చిన్న మార్పుకు ఎంత పరీక్ష? ఖరగ్‌పూర్ సిగ్నళ్లు సాఫ్ట్‌వేర్ బృందాలకు చెప్పే సంగతి

ఖరగ్‌పూర్ తెలుగువారి నోట 'ట్రాఫిక్' అన్న మాట వినబడితే అది వాహనాల రద్దీ గురించి కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఆ రైల్వే పట్టణంలో అది ఒక పేట పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడ జంక్షన్ నెలకొల్పిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే కొలువుల కోసం వెళ్లి, తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. పాయింట్లు, సిగ్నళ్లు, క్యాబిన్లు వంటి మాటలు ఆ ఇళ్లలో పిల్లలకు సైతం కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అనే విషయాన్ని వివరించడానికి ఆ ఊరి స్టేషన్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో పాత రిలే వ్యవస్థను తొలగించి సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్‌ను ప్రవేశపెట్టారు. పాత వ్యవస్థలో 423 రూట్లు ఉండగా, కొత్తది 800 రూట్లను నిర్వహించగలదు. ఆసియాలోకెల్లా ఇదే పెద్దదని అప్పట్లో ప్రకటించారు. రూటు అంటే ఒక సిగ్నల్ నుంచి మరో సిగ్నల్ దాకా రైలు సాగగల దారి. ఆ దారిలోని పాయింట్లన్నీ సరైన వైపు తిరిగి తాళం పడితేనే, పట్టా ఖాళీగా ఉంటేనే, దానికి అడ్డువచ్చే మరో దారి తెరవకుండా ఉంటేనే సిగ్నల్ పచ్చబడాలి. ఈ షరతులను తప్పనిసరి చేసే ఏర్పాటే ఇంటర్‌లాకింగ్. ఎక్కడ సందేహం కలిగినా సిగ్నల్ ఎర్రగానే నిలవాలన్నది దాని మూలసూత్రం.

రిలేల కాలంలో ఈ షరతులన్నీ తీగల రూపంలో ఉండేవి. ఒక కొత్త లైను వేస్తే గదుల నిండా ఉన్న రిలేల మధ్య కొత్త తీగలు కలపవలసి వచ్చేది. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో ఆ షరతులు ప్రోగ్రాములోకి చేరాయి. ఈ ప్రోగ్రామును రెండు అంతస్తులుగా నిర్మిస్తారు. అడుగున ఉండే మూల సాఫ్ట్‌వేర్ ఏ స్టేషన్‌కైనా ఒక్కటే. దానిని కఠినంగా పరీక్షించి, భద్రతా ధ్రువీకరణ పొంది, అరుదుగా తప్ప తాకరు. దాని పైన ఆయా స్టేషన్‌కు చెందిన తర్కం ఉంటుంది. ఏ సిగ్నల్‌కు ఏ పాయింట్లు, ఏ రూటుకు ఏ రూటు విరోధి అన్న వివరాలు అక్కడ ఉంటాయి. యార్డు మారితే ఈ పై అంతస్తు మాత్రమే మారుతుంది. లెక్క కట్టేది కూడా ఒకే ప్రాసెసర్ కాదు. ఒకటికి మించిన ప్రాసెసర్లు విడివిడిగా లెక్కించి, ఫలితాలు సరిపోలితేనే ఆజ్ఞ బయటికి వెళుతుంది.

ఏది తరచుగా మారవచ్చు, ఏది మారకూడదు, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి అనే నిర్ణయమే ఆర్కిటెక్చర్. నేడు హైదరాబాదులోనైనా బెంగళూరులోనైనా సాఫ్ట్‌వేర్ బృందాలు ఎక్కువగా ఎజైల్ పద్ధతిలో పనిచేస్తున్నాయి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై వెలువరించిన ప్రకటన దీనికి ఆధారం. పనిని రెండు మూడు వారాల స్ప్రింట్లుగా విభజించి, మార్పును ఆహ్వానిస్తూ ముందుకు సాగడం ఈ పద్ధతి స్వభావం. ముందుగా డిజైన్ గురించి ఆలోచించనక్కరలేదని దీనికి అర్థం చెప్పేవారు ఉన్నారు. అది ఆ ప్రకటనకు న్యాయం కాదు. సాంకేతిక శ్రేష్ఠత పట్ల, మంచి డిజైన్ పట్ల నిరంతర శ్రద్ధే చురుకుదనాన్ని పెంచుతుందని దాని సూత్రాలలోనే ఉంది. గడువు కోసం సరిదిద్దకుండా వదిలిన లోపాలను వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లోనే అప్పుతో పోల్చారు. తీర్చేదాకా దానిపై వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఆ వడ్డీ ఎంత దాకా పోగలదో 2023 జూన్ 2న దేశమంతా చూసింది. ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, ఒడిశాలోని బహానగా బజార్ స్టేషన్ వద్ద చెన్నై వైపు వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధాన మార్గం విడిచి లూప్ లైనులోకి మళ్లి, అక్కడ నిలిచివున్న గూడ్సు రైలును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ ప్రధాన మార్గానికి పచ్చగా ఉండగా, పాయింటు లూపు వైపు తిరిగి ఉంది. రైల్వే భద్రతా కమిషనర్ విచారణ లోపాన్ని ప్రోగ్రాములో చూపలేదు. సిగ్నల్ సర్క్యూట్‌లో పూర్వం చేసిన మార్పులోను, లెవెల్ క్రాసింగ్ గేటు పని సందర్భంగా చేసిన మార్పులోను తప్పు జరిగిందని తేల్చింది. పాయింటు ఏ వైపు ఉందో తెలిపే సమాచారమే తప్పుగా అందితే, ఎంతటి ఇంటర్‌లాకింగ్ అయినా దానినే నమ్మి లెక్క కడుతుంది.

సాఫ్ట్‌వేర్ బృందాలలో ఇటువంటి పరిస్థితి నిత్యం కనిపిస్తుంది. ఒక బృందం తన సర్వీసు పంపే సమాచారంలో ఒక గడి అర్థాన్ని మారుస్తుంది. తన పరీక్షలన్నీ నెగ్గుతాయి. ఆ సమాచారాన్ని అందుకునే బృందానికి సంగతి తెలియదు. వారి పరీక్షలూ నెగ్గుతాయి. లోపం ఉన్నది రెండింటి నడుమ, ఎవరిదీ కాని చోట. అందుకే రెండు భాగాలు కలిసే ప్రతి చోటా ఒప్పందాన్ని రాతలో ఉంచి, మార్పు జరిగిన ప్రతిసారీ దానిని యంత్రం చేతనే పరీక్షింపజేయాలని నిపుణులు పట్టుబడతారు. 'పని పూర్తయింది' అనే మాటకు నిర్వచనంలో పటాన్ని సవరించడం కూడా చేరాలి. గోడమీది పటం ఒకటి, పెట్టెలోని తీగ మరొకటి అయినప్పుడు తరువాత వచ్చే మనిషి పటాన్నే నమ్ముతాడు.

అన్ని సాఫ్ట్‌వేర్లకూ రైల్వే సిగ్నల్ అంతటి కాఠిన్యం అవసరమా అంటే, అవసరం లేదు. సినిమా టికెట్ల యాప్‌లో బొత్తాము రంగు మార్చడానికి నెల రోజుల పరీక్ష వృథా. అదే యాప్‌లో డబ్బు కోత పడే భాగం వేరు. ఆసుపత్రిలో మందు మోతాదు లెక్కించే ప్రోగ్రాము మరీ వేరు. వ్యవస్థలో ఏ భాగం హోమ్ సిగ్నల్ వంటిదో ముందుగా గుర్తించి, దానిని చిన్నదిగా, విడిగా ఉంచితే మిగిలిన భాగాలలో ఎంత వేగంగానైనా పనిచేయవచ్చు. ఖరగ్‌పూర్ యార్డు నిర్మాణంలో ఉన్న తెలివి అదే. సికింద్రాబాద్‌లో 1957 నుంచి సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇస్తున్న ఇరిసెట్ సంస్థ ఉన్న ప్రాంతానికి, కొత్త సాఫ్ట్‌వేర్ కార్యాలయాలకు మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఈ రెండు లోకాలూ తరచుగా మాట్లాడుకుంటే బాగుండును.

స్ప్రింట్ ముగిశాక బృందం కూర్చుని ఏది చెడిందో మాట్లాడుకునే ఆనవాయితీ ఎజైల్ పద్ధతిలో ఉంది. ఆ మాటలు గది దాటి మరో బృందానికి చేరే ఏర్పాటు మాత్రం చాలా చోట్ల లేదు. బహానగా నివేదికలో అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇదే. ఏడాది ముందు, 2022 మే 16న, అదే డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇటువంటి ఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్దే చర్యలు తీసుకుని ఉంటే బహానగా ప్రమాదం జరిగేది కాదని విచారణ పేర్కొన్నది. ప్రమాదం తరువాత రిలే గదులకు రెండేసి తాళాల ఏర్పాటును రైల్వే కట్టుదిట్టం చేసింది. తీగ విప్పి తిరిగి కలిపినవారు, సిగ్నల్‌ను స్టేషన్ మాస్టరుకు అప్పగించే ముందు ప్రతి రూటునూ పాయింటుతో సరిపోల్చి చూశారా అన్నది ఆ తాళాలు చెప్పలేవు.