అతుకు వేసిన కంచు ప్రొపెల్లరు: ధర కట్టే ముందు చూడవలసినవి

పాత ఓడలను విడగొట్టే రేవుల నుంచి వచ్చే తుక్కులో ప్రొపెల్లరుది ప్రత్యేక స్థానం. 1983లో పని మొదలైన గుజరాత్‌లోని అలంగ్ సరుకైనా, మరే రేవు సరుకైనా దీనికి రెండు ధరలు ఉంటాయి. కరిగించడానికైతే లోహం ధర, తిరిగి బిగించడానికి పనికివస్తే అంతకు హెచ్చు. ఏ ధర కట్టాలో చాలాసార్లు తేల్చేది రెక్క మీది వెల్డింగ్ అతుకు.

బజారులో అన్నిటినీ కంచు అన్నా సరుకు ఒకటి కాదు. మాంగనీసు బ్రాంజు నిజానికి ఇత్తడి. అందులో జింకు 40 శాతం దాకా ఉంటుంది. సముద్రపు నీటిలో జింకు కరిగిపోతే గుల్లబారిన ఎర్రటి రాగి మిగులుతుంది. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం పోతుంది. నికెల్ అల్యూమినియం బ్రాంజులో రాగి సుమారు 80 శాతం, అల్యూమినియం 9 శాతం, నికెల్, ఇనుము చెరి నాలుగైదు శాతం. పైన ఏర్పడే పలుచని పొర కాపాడుతుంది కనుక ఇది ఉప్పునీటికి బాగా ఓర్చుకుంటుంది.

ఇంత మంచి సరుకుకూ అతుకు దగ్గర చిక్కు వస్తుంది. వెల్డింగ్ చేసిన చోటి పక్క లోహం బాగా కాగి, గబగబా చల్లారుతుంది. దానితో లోపలి కూర్పు మారి, ఉప్పునీరు సులువుగా తినివేసే భాగం ఏర్పడుతుంది. అతుకు నున్నగానే కనిపిస్తుంది. తినివేత దాని అంచు వెంట సాగుతుంది. సముద్రపు గుల్లలు పట్టిన చోట, బిగింపుల సందుల్లో ఇది మరీ ఎక్కువ.

దీనికి విరుగుడు ఉంది. నౌకాదళాలకు పంపే ఈ రకం వాల్వులు, పంపుల పోతలను వెల్డింగ్ తర్వాత 675 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆరు గంటల వరకు కాచి చల్లారుస్తారు. ప్రొపెల్లర్ల విషయంలో అంతర్జాతీయ ఓడల వర్గీకరణ సంఘాల నిబంధన వేరు. మాంగనీసు బ్రాంజుకు వెల్డింగ్ చేస్తే, లోపల నిలిచిన ఒత్తిడి పోయేలా కాచి తీరాలి. లేకుంటే సముద్రంలో పగుళ్లు వస్తాయి. నికెల్ అల్యూమినియం బ్రాంజుకు పెద్ద మరమ్మతు జరిగినప్పుడే ఇలా కాచమని అడగవచ్చు. రెక్క మొదట్లో, నీటిని నెట్టే ముఖాన, వ్యాసార్ధంలో 40 శాతం దాకా ఏ రకానికైనా వెల్డింగ్‌ను సాధారణంగా అంగీకరించరు. అక్కడ అనుమతి లేని అతుకు కనిపించిన ప్రొపెల్లరును కరిగింపు సరుకు కిందనే లెక్క వేసుకోవడం క్షేమం.

కరిగింపు ధరకు కొన్నవారికీ జాగ్రత్త అవసరమే. తగరం, సీసం కలిసే గన్‌మెటల్ మూసలో అల్యూమినియం బ్రాంజు ముక్క పడితే పోతలు చెడిపోతాయి. స్వల్పమాత్రం అల్యూమినియం చేరినా నీరు కారే వాల్వులు తయారై, తిరుగు సరుకు పెరుగుతుంది. కనుక రెండు రకాల తుక్కును వేరువేరు కుప్పలుగా ఉంచాలి. రంగు చూసి రకం నిర్ణయించడం నష్టానికి దారి. లోహ పరీక్షకు అయ్యే ఖర్చు, ఒక మూస చెడితే వచ్చే నష్టం ముందు చిన్నది.

వాడకానికి కొనేవారు బయానా ఇచ్చే ముందే మూడు కాగితాలు అడగాలి: లోహ పరీక్ష పత్రం, ఎక్కడెక్కడ వెల్డింగ్ జరిగిందో తెలిపే పటం, తర్వాత కాచినట్లు కొలిమి రికార్డు. విశాఖ, కాకినాడ మరపడవల వారికి చిన్న ప్రొపెల్లర్లు అమ్మే వర్తకులకూ ఈ మాట వర్తిస్తుంది. అతుకు ఉండి కాగితం లేని సరుకుకు కరిగింపు ధరకు మించి ఇస్తే, ఆ తేడా కొనుగోలుదారు తలమీద పడుతుంది.