ఉక్కు కవచములోని మనుష్యుడు

పోలండు దేశమున గ్రున్‌వాల్డ్ అను గ్రామమునకు చేరువనున్న బయలులో 1410 వ సంవత్సరము జూలై 15 వ తేదీన ఒక మహాయుద్ధము జరిగినది. పోలండు, లిథువేనియా సైన్యములు కలిసి ట్యూటానిక్ వీరులను ఓడించినవి. 1998 నుండి దాదాపు ప్రతి వేసవిలోను ఆ బయలులోనే ఆ యుద్ధమును తిరిగి ఆడి చూపుచున్నారు. పాల్గొనువారు వృత్తిరీత్యా సైనికులు కారు. ఐనను వారు ధరించునవి మన నాటక సమాజముల అట్టకవచముల వంటివి కావు. నిజమైన ఉక్కుతో, ఆ కాలపు నమూనాలను అనుసరించి చేసినవి.

ఈ వేడుకలలో పలు రకములు కలవు. గ్రున్‌వాల్డ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై యుండును. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1966 లో పుట్టిన ఒక సంఘమువారు పేము కర్రలను కత్తులుగా పట్టి నిజముగానే పోరాడుదురు. దెబ్బ తగిన బలముతో తగిలినదో లేదో చెప్పవలసినవాడు దెబ్బ తిన్నవాడే! ఇది నిజాయితీకి మంచి పరీక్ష. వీనికంటె కఠినమైనది ‘బుహుర్ట్’ అను పోటీ. 2010 లో ఉక్రెయిన్‌లోని ఖోతిన్ కోటలో పలు దేశముల జట్లు ఇట్టి పోటీకి దిగినవి. ఇందు ఆయుధములు మొద్దుబారిన అంచులు గల ఉక్కువే. పొడుచుట నిషిద్ధము, కొట్టవచ్చును, త్రోయవచ్చును, పడవేయవచ్చును. పడినవాడు ఆటనుండి తొలగును.

అంచు మొద్దుబారినంత మాత్రమున ఆయుధము నిరపాయకరమగునా? కాదు. కత్తి పదును చర్మమును కోయుటకు మాత్రమే పనికివచ్చును. ఎముకను విరుచునది ఆయుధము మోసికొనివచ్చు శక్తి. దెబ్బ వెనుక నున్న ద్రవ్యరాశి 1 కిలోగ్రాము, వేగము సెకనుకు 10 మీటర్లు అనుకొందము. గతిశక్తి 50 జౌలులు. ఈ శక్తి అంతయు 2 మిల్లీమీటర్ల దూరములో ఆగవలసివచ్చినచో సగటు బలము 25,000 న్యూటనులగును. 20 మిల్లీమీటర్లలో ఆగినచో 2,500 న్యూటనులు మాత్రమే. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టునపుడు చేతులు వెనుకకు లాగుటలోని రహస్యము ఇదియే. కవచము చేయువాని విద్యయంతయు ఈ కొద్ది మిల్లీమీటర్ల చుట్టు తిరుగుచుండును.

కావున కవచమునకు మొదటి పొర ఉక్కు కాదు, గుడ్డ. నారబట్టను పొరలు పొరలుగా పేర్చి, కొన్నిటిలో దూది లేక ఉన్ని కూరి, దగ్గర దగ్గరగా కుట్టిన దళసరి అంగీని లోపల తొడుగుదురు. మన ఇండ్లలోని బొంతను చొక్కాగా కత్తిరించినట్లుండును. ఈ బొంత అంగీ నలిగి దెబ్బకు కొంత దూరమును, కొంత కాలమును ఇచ్చును. పైనున్న ఉక్కురేకు దెబ్బను ఒకచోట నిలువనీయక పెద్ద వైశాల్యముపై పంచును. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకున్నను రెండవది సగము వ్యర్థమే. క్రొత్తగా చేరువారు చేయు పొరపాటు సామాన్యముగా ఇచటనే కలదు: సొమ్మంతయు మెరయు రేకులపై వెచ్చించి, లోపలి బొంతను చౌకగా ముగింతురు.

రేకు కవచములకు ముందు ఐరోపాలో శతాబ్దములపాటు వాడుకలో నున్నది గొలుసు అంగీ. ఒక్కొక్క ఇనుప కడియము చుట్టునున్న నాలుగింటితో పెనవేసికొనియుండును. కొసలను చదును చేసి, చిల్లి పొడిచి, చిన్న మేకుతో బిగింతురు. ఒక అంగీకి వేలకొలది కడియములు పట్టును. తూకము పది కిలోగ్రాములకు అటునిటు. ఇది కోతను చక్కగా ఆపును గాని, మెత్తని వలవంటిదగుటచే గట్టి దెబ్బను లోనికి పోనిచ్చును. నేటి ఔత్సాహికులు ధరించు గొలుసు అంగీలలోను, కవచములలోను పెక్కు మన డెహ్రాడూన్, మీరట్ పట్టణముల కార్ఖానాలలో తయారై ఎగుమతి యగుచున్నవని పాఠకులలో చాలమందికి తెలిసియుండదు.

పదునైదవ శతాబ్దము నాటికి ఒడలంతయు రేకులతో కప్పు కవచములు వచ్చినవి. ఇటలీలోని మిలాన్ నగరము వీనికి ప్రసిద్ధి. అట్టి కవచమునందు అన్నిటికంటె కష్టమైన పని శిరస్త్రాణము. చదునైన రేకునుండి గుండ్రని బోలు వస్తువును తీయవలెను. మన కంచరులు చెంబు, బిందె కొట్టునపుడు ఎదుర్కొను సమస్యయే ఇది. దీనికి రెండు మార్గములు కలవు.

మొదటిది సులభము. మొద్దులో తొలిచిన గుంటపై రేకునుంచి నడుమ సమ్మెటతో కొట్టుట. రేకు సాగి గుంటలోనికి దిగును. కాని సాగినది పలుచబడక తప్పదు. అదియు సరిగా నడినెత్తి వద్ద, అనగా దెబ్బలు ఎక్కువగా పడుచోట. రెండవ మార్గములో రేకును గుండ్రని దాగలిపై బోర్లించి, వెలుపలివైపున నడిమినుండి అంచుల వరకు వలయములుగా కొట్టుకొనిపోవుదురు. ఇచట లోహము సాగుటకు మారుగా కుంచించుకొనిపోవును. నడినెత్తి మందము చెడదు. అంచులు కొంత మందమెక్కును. కాలము మాత్రము చాల పట్టును.

ఈ తేడా ఎంతటిదో లెక్కించి చూడవచ్చును. రేకు వంగకుండ నిలుచు గుణము దాని మందము యొక్క ఘనమును అనుసరించి యుండును. 2 మిల్లీమీటర్ల రేకు సాగి 1.4 మిల్లీమీటర్లైనదనుకొందము. మందములో తగ్గినది మూడుపాళ్ళు మాత్రమే, కాని 0.7 × 0.7 × 0.7 = 0.343. అనగా ఆ రేకు బిగువు మూడవవంతునకు పడిపోయినది! పైకి చూచిన రెండు శిరస్త్రాణములు ఒకే తీరుననుండును. లోపల తల పెట్టినవానికి మాత్రమే వ్యత్యాసము తెలియును.

కొట్టుచున్నకొలది ఉక్కు గట్టిపడి, మొండికెత్తి, చివరకు పగులును. కావున నడుమ నడుమ కొలిమిలో ఎర్రగా కాచి మెల్లగా చల్లార్చవలెను. అపుడు లోహములోని నలిగిన స్ఫటికములు మరల క్రమముగా పెరిగి రేకు మెత్తబడును. రూపము వచ్చిన పిదప నున్నని సుత్తితో మెల్లమెల్లగా తట్టి గతుకులు తీయుదురు.

ఇక పదును పెట్టుట. మామూలు మెత్తని ఉక్కులో కర్బనము నూటికి 0.2 పాళ్ళ ప్రాంతమున ఉండును. దీనికి పదును ఎక్కదు. కర్బనము అరపాలు, ఆపైన ఉన్న ఉక్కును 850 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, నూనెలో ముంచినచో కర్బన పరమాణువులు బయటపడ వ్యవధి లేక ఇనుప జాలకములో చిక్కుకొనును. ఉక్కు అతికఠినమగును, కాని గాజువలె పెళుసు. దానిని మరల తక్కువ వేడిమిలో కాచి పెళుసుదనము తగ్గింతురు. పూర్వము కమ్మరులు వేడిని రంగునుబట్టి గుర్తించెడివారు. నేటివారికి ఇంకొక ఉపాయము కలదు: దాదాపు 770 డిగ్రీలు దాటిన ఇనుమునకు అయస్కాంతము అంటదు. అంటుట మానిన తరువాత మరి కొంచెము కాచి ముంచవచ్చును. ఇట్లు పదునెక్కిన రేకు పలుచనిదైనను దెబ్బకు సొట్టపడక తిరిగి తన రూపమునకు వచ్చును. అందుచేత కవచము బరువు తగ్గును. సరిగా పదును పెట్టలేని కార్ఖానాలో మెత్తని ఉక్కునే కొంత మందముగా వాడుట మేలు. సొట్టపడిన శిరస్త్రాణము కంటె పగిలిన శిరస్త్రాణము ప్రమాదకరము.

మందము, పదును గాక రూపము కూడ బలమునిచ్చును. విద్యార్థులు ఒక కాగితమును రెండు పుస్తకములపై వంతెనవలె ఉంచి ఒక నాణెమును పెట్టి చూడవలెను. కాగితము క్రుంగును. దానినే మడతలు మడతలుగా విసనకర్రవలె చేసి ఉంచినచో పెక్కు నాణెములను మోయును. జర్మను కవచములపై కనబడు పొడవైన గాళ్ళు అందమునకు మాత్రమే చేసినవి కావు. అట్లే వక్షస్త్రాణమును నడుమ గట్టువలె ఎత్తుగా చేసినచో దెబ్బ పక్కకు జారిపోవును. శక్తిలో చాలభాగము శరీరమునకు చేరదు.

కీళ్ళ వద్ద పని వేరు. మోచేయి, మోకాలు, భుజము వంగవలెను గాని సందు కనబడరాదు. రొయ్యపెంకు వంటి చిన్న పట్టీలను ఒకదానిపై నొకటి ఎక్కునట్లు అమర్చి, కొన్నిటిని లోపలి తోలుపట్టీకి, కొన్నిటిని పొడవైన గాడిలో జారు మేకులకు బిగింతురు. ఇందు ఒక మిల్లీమీటరు తప్పినను చేయి సగములో పట్టివేయును. కవచము ఒకరి కొలతతో చేసినది మరియొకరికి సరిపడకుండుటకు ముఖ్య కారణము ఈ కీళ్ళే.

తొడుగుట పాదములనుండి ఆరంభమగును. కాళ్ళ కవచములను నడుమునకు బిగించిన అంగీకి త్రాళ్ళతో వ్రేలాడదీయుదురు, తరువాత మొండెము, చేతులు, శిరస్త్రాణము చివరిది. ఒంటరిగా ఈ పని సాగదు, తోడు మనిషి కావలెను. బరువు భుజములపైననే పడకుండ నడుమునకు చేరునట్లు కట్టుట అనుభవముమీద అలవడు విద్య.

కవచధారి క్రిందపడిన లేవలేడనియు, గుఱ్ఱమునెక్కుటకు యంత్రము కావలెననియు ఒక నమ్మకము లోకములో వ్యాపించినది. 1944 లో లారెన్స్ ఒలివియర్ తీసిన ‘ఐదవ హెన్రీ’ చలనచిత్రములో వీరుని కప్పీతో గుఱ్ఱముపైకి ఎత్తిన దృశ్యము ఈ నమ్మకమును మరింత పెంచినది. ఇది పొరపాటు. యుద్ధకవచము సామాన్యముగా 20 నుండి 30 కిలోగ్రాములే. అదియు ఒడలంతట పరచుకొని యుండును. బూసికో అను ఫ్రెంచి వీరుడు కవచముతో పల్టీలు కొట్టెడివాడని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది.

ఐతే కవచము తేలికయని అనుకొనుటయు సరికాదు. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్రాహమ్ ఆస్క్యూ, అతని సహచరులు అనుభవజ్ఞులైన కవచధారులను కదలెడు పట్టాపై నడిపించి, వారు పీల్చిన ప్రాణవాయువును కొలిచిరి. ఫలితములు 2011 లో వెలువడినవి. నడచుటకు పట్టిన శక్తి కవచము లేనపుడు పట్టుదానికి రెండింతలకు మించినది. పరుగునకు దాదాపు రెండింతలు. అంతే బరువును వీపున మోసిన ఇంత శ్రమ ఉండదు. ఏలనన, కాళ్ళకు కట్టిన అనేక కిలోగ్రాముల ఉక్కును ప్రతి అడుగునను ముందుకు విసరి, మరల ఆపవలసియున్నది. అంతేగాక రొమ్ముపై బిగిసిన రేకు ఊపిరిని నిండుగా తీయనీయదు. చిన్న చిన్న శ్వాసలు వేగముగా తీయవలసివచ్చును.

ఈ శ్రమ వెంట వచ్చు శత్రువు వేడి. కండరములు ఖర్చు చేయు శక్తిలో నాలుగవవంతునకు మించి పనిగా మారదు, మిగిలినది వేడియే. పోరాడువాని శరీరమున 500 వాట్ల వేడి పుట్టుచున్నదనుకొందము. ఒక గ్రాము చెమట ఆవిరియైనచో సుమారు 2,400 జౌలుల వేడిని తీసికొనిపోవును. ఆ లెక్కన గంటకు 750 గ్రాముల చెమట ఆవిరి కావలెను. కాని చెమట ఆవిరి యగుటకు గాలి ఆడవలెను గదా! బొంత అంగీ దానిని పీల్చుకొని తడిసి బరువెక్కును, చర్మము చల్లబడదు. వడదెబ్బ ఎట్టిదో మన తెలుగు ప్రాంతములవారికి వేరుగా చెప్పనక్కరలేదు; కవచధారికి అది చలిదేశపు వేసవిలో సైతము తగులవచ్చును. మాట తడబడుట, నడక తూలుట కనబడగానే మొదట తీయవలసినది శిరస్త్రాణము. వెంటనే తక్కిన కవచమును విప్పి, నీళ్ళతో తడిపి, గాలి తగులనీయవలెను. పట్టీల కట్టులు విప్పుటకు వ్యవధి చాలనపుడు తోలును కోసివేయుదురు.

శిరస్త్రాణమునకు చూపు కొరకు సందు ఉంచక తప్పదు. ఆ సందే దాని బలహీనత. 1559 జూన్ 30 న పారిస్ నగరమున వినోదపు పోటీలో ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ ముఖకవచపు సందులోనుండి ప్రత్యర్థి బల్లెపు పేడు దూరి కంటికి తగిలినది. ఆ యుగపు శరీరశాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడైన వెసేలియస్, శస్త్రవైద్యుడు పారే వచ్చి చూచినను రాజు జూలై 10 న మరణించెను. కపాలము పగులలేదనియు, దెబ్బకు ఎదుటివైపున మెదడు చెడియున్నదనియు పారే వ్రాసెను. కాలిఫోర్నియాలో పుట్టిన సంఘమువారి నియమము నేడు ఇట్లున్నది: ముఖమునకు అడ్డముగా నుండు కమ్ములనడుమ ఒక అంగుళము కర్ర దూరరాదు, శిరస్త్రాణపు ఉక్కు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

పారే చూచినది ఈనాటికిని ముఖ్యమైన విషయమే. ఎముక చెక్కుచెదరకున్నను, ద్రవములో తేలుచున్న మెదడు కపాలము కదిలిన వేగమునకు లోగోడను తాకి గాయపడవచ్చును. బరువైన శిరస్త్రాణము ఇందు కొంత తోడ్పడును. పైన చెప్పిన దెబ్బ యొక్క ద్రవ్యవేగము సెకనుకు 10 కిలోగ్రాము-మీటర్లు. ఆయుధము తగిలి ఆగిపోయినచో 5 కిలోగ్రాముల తల సెకనుకు 2 మీటర్ల వేగమున కదలును. 4 కిలోగ్రాముల శిరస్త్రాణముతో కలిసి కదలినచో వేగము 1.1 మీటర్లే. కాని ఆ నాలుగు కిలోగ్రాములను మోయవలసినది మెడయే. పైగా గడ్డము పట్టీ వదులుగానున్నచో తల వేరుగను, శిరస్త్రాణము వేరుగను కదలును; లెక్కయంతయు తప్పిపోవును. అందుచే పోటీకి ముందు నిర్ణేతలు శిరస్త్రాణమును రెండు చేతుల పట్టి అటునిటు ఊపి చూతురు. తల దానితో కూడ కదలనిచో ఆటగానిని బరిలోనికి పంపరు. పోటీ ముగిసిన పిదప సొట్టలను మరల కొట్టి సరిచేయుదురు. ఒకేచోట పలుమారులు సరిచేసినపుడు వెండ్రుకవంటి పగులు కనబడినచో ఆ శిరస్త్రాణమును తీసివేయుదురు.