నాణెం మీద ఆకుపచ్చ జిడ్డు

ఏళ్ల తరబడి ఆల్బమ్‌లో కదలకుండా ఉన్న నిజాం కాలపు చార్మినార్ రూపాయిని బయటికి తీస్తే, ఒక్కోసారి మీనార్ల సందుల్లో, అక్షరాల అంచుల్లో ఆకుపచ్చటి జిడ్డు కనిపిస్తుంది. చాలామంది దాన్ని చిలుము అనుకుంటారు. మామూలు చిలుము పొడిగా గట్టిపడి ఉంటుంది. ఇది వేలికి జిగటగా అంటుకుంటుంది. దీనికి మూలం నాణేన్ని దాచిన మెత్తటి ప్లాస్టిక్ అరలో ఉంది.

ఆ ప్లాస్టిక్కే పీవీసీ. 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓయ్‌గెన్ బౌమన్ వినైల్ క్లోరైడ్‌ను ఎండలో ఉంచితే గాజు గొట్టంలో తెల్లటి గట్టి పదార్థం పేరుకుంది. అది పెళుసు, వేడికి చెడిపోయేది. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్, రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని బాగా ఎక్కువ వేడికి గానీ మరగని ద్రావణిలో కాచాడు. చల్లారాక రబ్బరులా సాగే ముద్ద చేతికొచ్చింది. రెయిన్‌కోట్లు, కర్టెన్లు అందులోంచే పుట్టాయి. నాణేల అరలూ అంతే.

అయితే ఆ మెత్తదనం పీవీసీది కాదు, అందులో కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్‌ది. అది పీవీసీతో రసాయనికంగా ముడిపడి ఉండదు కాబట్టి మెల్లగా బయటికి ఊరి నాణేనికి పొరలా పట్టేస్తుంది. మరోపక్క పీవీసీ కూడా వేడికీ వెలుతురుకీ క్షీణిస్తూ హైడ్రోజన్ క్లోరైడ్‌ను వదులుతుంది. దానికి గాలిలోని తేమ తోడైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. చార్మినార్ రూపాయిలో వెండి సుమారు 82 శాతం, మిగతాది ప్రధానంగా రాగి. ఆమ్లం ముందుగా ఆ రాగి మీద పడుతుంది. ఆకుపచ్చ రంగు రాగి లవణాలదే.

దీనికి విరుగుడు 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ తయారుచేసిన పాలిస్టర్. దాని పల్చటి ఫిల్మే మైలార్. అందులో క్లోరిన్ లేదు, మెత్తబరిచే నూనె అక్కర్లేదు. నలిపితే కరకరలాడుతుంది, ఎక్కువసార్లు మడిస్తే చీలుతుంది. నా మట్టుకు ఆ బిరుసుతనమే భరోసా. కాకపోతే నాణేన్ని అందులోకి రుద్దుతూ తోయకూడదు, గీతలు పడతాయి.

మీ దగ్గరున్న అర ఏ రకమో తెలియకపోతే బైల్‌స్టైన్ పరీక్ష ఉంది. విచిత్రంగా అదీ 1872 నాటిదే. రాగి తీగను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా వెలిగితే క్లోరిన్ ఉన్నట్టే. పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయండి.

జిడ్డు ఇప్పటికే పట్టి ఉంటే చింతపండుతో తోమడం ఘోరం. అసలు ఉపరితలమే పోతుంది, దాంతోపాటు నాణెం విలువా పోతుంది. స్వచ్ఛమైన అసిటోన్‌ను గాజు గిన్నెలో పోసి, నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట నాణేన్ని కాసేపు నాననివ్వండి. రుద్దకుండా తీసి ఆరబెట్టండి. సువాసనలు కలిపిన నెయిల్‌పాలిష్ రిమూవర్ పనికిరాదు. ఆమ్లం తినేసిన చోట పడ్డ గుంతల్ని అసిటోన్ కూడా పూడ్చలేదు. అందుకే ఆ ఆల్బమ్‌లో మిగిలిన నాణేలన్నింటినీ, బాగానే కనిపిస్తున్నా సరే, ఆ రోజే వేరే అరల్లోకి మార్చేయాలి.