తోక మనవైపు ఉన్నంతసేపే తేలిక

డ్రోన్‌ను పది అడుగులు లేపి వేళ్లు తీసేస్తే ఉన్నచోటే నిలబడుతుంది. లోపలున్న జీపీఎస్, బారోమీటర్ దాని సంగతి చూసుకుంటాయి. రిమోట్ హెలికాప్టర్ అలా కాదు. వేళ్లు వదిలారా, రెండు మూడు సెకన్లలో ఏదో ఒక వైపుకు జారిపోతుంది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది డ్రోన్ నడపడం వచ్చినవాళ్లే. మొదటి రోజు మొహం వేలాడేసుకుని వెళ్తారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకుని రిటైరైనవాణ్ని. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బల్సా చెక్కతో విమానాలు చేయించేవారు. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. ఇప్పుడు ఎండాకాలం ఆదివారాల్లో, గాలి లేవకముందే, ఎండిన చెరువులో హెలికాప్టర్ ఎగరేయడం నేర్పుతుంటాను.

ముందు అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. పైన పెద్ద రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింద బాడీ రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న ఫ్యాన్. అయితే ఆ ఫ్యాన్ తోసే గాలికి హెలికాప్టర్ మొత్తం పక్కకు జరుగుతుంది. అందుకే కదలకుండా నిలబడ్డ హెలికాప్టర్ కూడా కొంచెం ఒరిగే ఉంటుంది. చాలా మోడల్స్‌లో పై రెక్కలు గడియారం ముల్లులా తిరుగుతాయి కాబట్టి ఒరిగేది కుడివైపుకి. కొత్తవాళ్లు అది చూసి సెట్టింగ్ తప్పిందనుకుని విప్పడం మొదలెడతారు. విప్పక్కర్లేదు.

కాస్త మంచి మోడల్స్‌లో పైకి లేపడానికి మోటారు వేగం పెంచరు. వేగం ఒకేలా ఉంటుంది, రెక్కల కోణం మారుతుంది. దాదాపు అయిదారు డిగ్రీల దగ్గర గాల్లో నిలబడుతుంది. కోణాన్ని సున్నా కంటే కిందికి దించితే తలకిందులుగా కూడా ఎగురుతుంది. పోటీల్లో చూసే ఆ విన్యాసాలన్నీ దాని చలవే. రెక్కల కింద స్వాష్‌ప్లేట్ అనే చక్రం ఉంటుంది. సర్వోలనే మూడు చిన్న మోటార్లు దాన్ని అటూ ఇటూ వంచితే హెలికాప్టర్ ముందుకు, వెనక్కి, పక్కలకు పోతుంది. మా వాళ్లు వాడే రిమోట్‌లలో ఎడమ స్టిక్ ఎత్తునీ తోకనీ చూస్తుంది, కుడి స్టిక్ మిగతా కదలికల్ని. నాలుగు పనులూ ఒకేసారి జరగాలి. ఒకటి కదిపితే మిగతా మూడూ సర్దుకోవాల్సి వస్తుంది.

1970 ప్రాంతంలో జర్మనీలో డీటర్ ష్లూటర్ రిమోట్‌తో అదుపుగా ఎగిరే హెలికాప్టర్ చేసి చూపించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు పై రెక్కలకు అడ్డంగా ఒక కడ్డీ, దాని చివర్లలో చిన్న తెడ్లు ఉండేవి. ఫ్లైబార్ అనేవాళ్లం. హెలికాప్టర్‌ను కుదురుగా ఉంచడం దాని పని. ఇప్పుడు ఆ పని అగ్గిపెట్టె అంత జైరో చేస్తోంది. కానీ మామూలు జైరో బాడీ తిరగకుండా పట్టుకుంటుందే గానీ, జారిపోకుండా ఆపదు. జారకుండా ఆపాల్సింది మన వేళ్లే.

నేర్పేటప్పుడు నాకొక వరస ఉంది. మొదట తోక మనవైపు ఉంచి నిలబెట్టడం. అప్పుడు దాని కుడీ మన కుడీ ఒకటే. అడ్డంగా రెండు కడ్డీలు, నాలుగు బంతులు ఉన్న ట్రైనింగ్ గేర్‌ను హెలికాప్టర్ కింది కాళ్లకు, అంటే స్కిడ్‌లకు కట్టేస్తాం, పక్కకు పడిపోకుండా. భయంకొద్దీ అందరూ జానెడు ఎత్తులోనే ఆపాలని చూస్తారు. అదే కష్టం. నేలకు దగ్గరగా ఉంటే దాని గాలి నేలకు తగిలి తిరిగి దాన్నే కుదుపుతుంది. ఛాతీ ఎత్తుకు లేపితే అదే కుదురుకుంటుంది. ఇది నోటితో ఎంత చెప్పినా నమ్మరు.

తర్వాత కుడి పక్క, ఎడమ పక్క మనవైపు ఉంచి. చివరికి ముక్కు మనవైపు. ఇక్కడే అసలు చదువు.

"మాస్టారూ, కుడికే నెట్టానండీ, ఎడమకి పోతోందేంటి?"

"దాని కుడికే పోయింది నాయనా. ఇక్కడ నిలబడి చూడకు, దాన్లో కూర్చుని చూడు."

దాన్లో కూర్చోవడం ఒక్కరోజులో రాదు. అందాకా ఒక చిట్కా చెబుతాను: ముక్కు మనవైపు ఉన్నప్పుడు అది ఎటు ఒరుగుతుంటే స్టిక్ అటే నెట్టాలి, ఒరిగే పందిరికి గుంజ పోటు పెట్టినట్టు. ఆలోచించి కుడా ఎడమా అని తేల్చుకునేలోపు అది నేలమీద ఉంటుంది.

ఆ తడబాటంతా సిమ్యులేటర్‌లో తీరిపోవాలి. సొంత రిమోట్‌నే కంప్యూటర్‌కు తగిలించి ఆడవచ్చు. అక్కడ కూలితే ఒక బటన్ నొక్కితే సరి. బయట కూలితే రెక్కలు, మెయిన్ షాఫ్ట్, ఒక్కోసారి టెయిల్ బూమ్ కూడా పోతాయి. చిన్నది కొంటే తేలికనుకోవడం కూడా పొరపాటే. పెద్దది గాల్లో నిదానంగా కదులుతుంది, చిన్నది వెర్రెత్తినట్టు కదులుతుంది.

అలాగని పెద్దదానితో మొదలుపెట్టమనను. 700 సైజు హెలికాప్టర్ రెక్కల వ్యాసం దాదాపు 1.6 మీటర్లు. నిమిషానికి 2,000 సార్లు తిరిగితే రెక్క కొన గంటకు దాదాపు 600 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో 19 ఏళ్ల యువకుడు తన హెలికాప్టర్ తగిలే చనిపోయాడు, కొత్తవాడేమీ కాదు. అందుకే మా దగ్గర మోటారును ఆపి ఉంచే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వెయ్యకుండా ఎవరూ హెలికాప్టర్ దగ్గరికి నడవరు. చూడ్డానికి వచ్చిన పిల్లలు గట్టు దిగరు.

లైపో బ్యాటరీలతో కూడా జాగ్రత్త. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉండాలి. చార్జింగ్‌కు పెట్టి నిద్రపోకూడదు. మన ఎండల్లో బండి డిక్కీలో వదిలేయకూడదు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి అంటూ వాడనే వాడకూడదు.

చట్టం సంగతి: 2021 డ్రోన్ నిబంధనల కింద మోడల్ విమానాలూ హెలికాప్టర్లూ వస్తాయి. గ్రీన్ జోన్‌లో గరిష్ఠ ఎత్తు 400 అడుగులు, విమానాశ్రయాల చుట్టుపక్కల ఇంకా తక్కువ. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి. నేర్చుకునేవాడికి ఎలాగూ ముప్పై అడుగులు మించి అక్కర్లేదు.

సరదా పడి కొనాలనుకుంటే ముందు మంచి రిమోట్, సిమ్యులేటర్ కొనండి. ముక్కు మనవైపు ఉంచి నిలబెట్టడం తెరమీద వచ్చాకే హెలికాప్టర్ సంగతి ఆలోచించండి. ఈలోగా విసుగొచ్చి మానేసినా ఆ రిమోట్‌తో విమానం ఎగరేసుకోవచ్చు, డబ్బు ఎక్కడికీ పోదు.